అది పలుకుతుంది

నా దుకాణం లాండ్రీ కింద, నేలమాళిగలో ఉంటుంది. పైన యంత్రాలు తిరిగినంతసేపూ నా బల్ల మీది స్క్రూలు సన్నగా వణుకుతుంటాయి. మెట్లు దిగి తలుపు తీస్తే ముందు సబ్బు వాసన, ఇంకాస్త లోపలికి వస్తే కరిగిన టంకం వాసన, ఆ తరవాత మైనం వాసన. కిటికీ లేదు. చప్పుడు పైకి పోకుండా గోడల నిండా నేనే స్పాంజి దిమ్మలు అంటించాను. అందుకని లోపల పగలైనా రాత్రైనా ఒకటే. లైటు ఆర్పితే కళ్ళు మూసినా తెరిచినా తేడా తెలియదు.

గిటార్లు బాగుచేయడం నా వృత్తి, వాగడం నా జబ్బు. గిరాకీ ఉంటే గిరాకీతో వాగుతాను, లేకపోతే గిటార్‌తో వాగుతాను. తెగిన తీగని తిడతాను, సరిగ్గా కుదిరిన స్క్రూని మెచ్చుకుంటాను. నేను నోరు మూసుకున్న రోజున డాక్టర్ని పిలవాలని మా చెల్లెలు అంటుంది. తనేదో మౌనవ్రతం పట్టినట్టు. ఇద్దరం ఒక తల్లి పిల్లలమే కదా, తనకీ నోరు ఊరుకోదు. కాకపోతే దేవుడు తనకి గొంతు కూడా ఇచ్చాడు, నాకు ఒట్టి నోరే ఇచ్చాడు.

పగలు మందుల షాపు కౌంటర్లో నిలబడుతుంది మా చెల్లెలు. సాయంత్రాలు గిటార్ వాయిస్తూ పాడుతుంది. తనతోపాటు ఒక బేస్ వాయించేవాడు, ఒక డ్రమ్ములవాడు ఉన్నారు. డ్రమ్ములవాణ్ణి మేం పిడుగు అంటాం. వాడు వాయించడం మొదలెడితే పక్కవాళ్ళు బతికున్నారో లేదో చూసుకోవాల్సిందే.

ఆ మధ్యాహ్నం వాన. గిటార్ పెట్టెకి తన రెయిన్‌కోటు కప్పి, తను మాత్రం తడిసి ముద్దై మెట్లు దిగింది. ఆ సాయంత్రం పెద్ద హాల్లో ఎంపిక జరగబోతోంది. నెగ్గిన బృందాన్ని ఏడాదిపాటు ఊరూరా తిప్పుతారు. నెగ్గితే మందుల షాపు కౌంటర్‌కి సెలవు. ఇంతకుముందు రెండుసార్లు వెళ్ళి వెనక్కొచ్చింది. గొంతు బాగుంది గానీ గిటార్ ఉందో లేదో తెలియలేదని రెండుసార్లూ ఒకే మాట అన్నారట. పిడుగు హోరులో తన గిటార్ తనకే వినపడదు, శ్రుతి జారుతుంది, జారిందని గట్టిగా అరుస్తుంది, అరిస్తే పాట పోతుంది. ఇదీ చిక్కు.

"నా గిటార్ పలకట్లేదు అన్నయ్యా. ఇవాళ పలికించకపోతే నేనిక పాడటం మానేస్తా" అంది.

ఏడుస్తూ అనలేదు. జుట్టు పిండుకుంటూ మామూలుగా అంది. అందుకే నాకు భయం వేసింది. మా చెల్లెలు గొంతు పెంచకుండా అన్న మాట ఎప్పుడూ వెనక్కి తీసుకోలేదు.

దీనికి మందు ఒకటే, ఉన్న పికప్ తీసేసి బలమైనది వెయ్యడం. పికప్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. గిటార్ తీగల కింద ఒక అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ వేల చుట్లు. పైన తీగ ఊగితే కింద చుట్లలో కరెంటు పుడుతుంది, అదే ఆంప్‌లోకి, అంటే శబ్దం పెంచే స్పీకరు పెట్టెలోకి వెళ్ళి మోగుతుంది. చుట్లు పెరిగితే బలం పెరుగుతుంది, గోలా పెరుగుతుంది. చుట్టాలు పెరిగినట్టే అని నేను గిరాకీలకి చెబుతుంటాను. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. బలమైన పికప్‌ని తీగకి మరీ దగ్గరగా పెడితే అయస్కాంతం తీగని ఊగనివ్వకుండా లాగేస్తుంది. ఎక్కువ ఇచ్చేది ఎక్కువ లాగుతుంది. కాబట్టి ఎంచుకోవడంలోనే ఉంది పనితనమంతా.

బల్ల మీద మూడు పెట్టాను. మొదటిది బిగించి వాయించమన్నాను. బలం ఉంది, కానీ గాజు పెంకుల మీద నడిచినట్టుంది, మా చెల్లెలు మొహం చిట్లించింది. రెండోది నాకు నచ్చింది. నిండుగా, పెద్దమనిషి మాట్లాడినట్టు ఉంది. తను ఒప్పుకోలేదు. దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుందంది. ఇక మూడోది.

ఈ మూడోదాని సంగతి చెప్పాలి. ఊరికి అటుచివర పికప్‌లు చేత్తో చుట్టే పెద్దాయన ఉండేవాడు. మేమంతా చుట్లాయన అనేవాళ్ళం. చివరి ఏళ్ళలో ఆయనకి మాట పడిపోయిందని, గదిలోంచి బయటికి రావడం మానేశాడని విన్నాను. ఆయన పోయాక భార్య సామాను అమ్మేస్తుంటే వెళ్ళి రాగి తీగ ఉండలు, అయస్కాంతాలు కొనుక్కున్నాను. చివర్లో ఆవిడ సొరుగు లోంచి నల్ల గుడ్డలో చుట్టిన పికప్ ఒకటి తీసింది. ఇవ్వాలా వద్దా అన్నట్టు కాసేపు చేతిలోనే పట్టుకుంది.

"ఇది పలుకుతుంది బాబూ. చూసుకో మరి" అంది మెల్లగా.

మా పనిలో ఒక వస్తువు పలుకుతుందంటే అంతకు మించిన పొగడ్త లేదు. మోగేవి చాలా ఉంటాయి, పలికేది ఎక్కడో ఒకటి. ఆవిడ మా పనిలో మనిషి కాదన్న సంగతి నాకప్పుడు తట్టలేదు. మురిసిపోయి తెచ్చుకుని, మంచి గిరాకీ కోసం దాచి ఉంచాను. మా చెల్లెలి కన్నా మంచి గిరాకీ ఎవరు?

బిగించాను. తీగల ఎత్తు సరిచేశాను. మా చెల్లెలు గొంతు సవరించుకుని ఒక్కసారి మీటింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గది నిండిపోయింది. అరుపు కాదు, హోరు కాదు. ప్రతి తీగా విడివిడిగా పేరు పెట్టి పిలిచినట్టు వినిపించింది. తను ఇంకోసారి మీటి, చిన్నపిల్లలా పకపకా నవ్వింది. రెండేళ్ళుగా ఆ నవ్వు నేను వినలేదు. నిజంగా చాలా సంతోషం వేసింది నాకు.

అంతలోనే ఆంప్ కీచుమని కూత పెట్టింది. నేనేం కంగారు పడలేదు, అది మామూలే. చుట్లు ఎక్కడైనా వదులుగా ఉంటే పికప్ అలా కూత పెడుతుంది. కూత ఒక్కటే కాదు, గదిలో మాటల్ని కూడా పట్టుకుంటుంది. అలాంటిదాన్ని కరిగిన మైనంలో ముంచుతాం. మైనం చుట్ల సందుల్లోకి దూరి గడ్డకడితే ఇక కదలదు, ఎవరి మాటా వినదు. ముంచాలో అక్కర్లేదో తేల్చుకోవడానికి మాకో పద్ధతి ఉంది. పికప్‌కి నోరు దగ్గరగా పెట్టి "ఉన్నావా?" అంటాం. ఆ మాటే ఆంప్ లోంచి వెంటనే వినిపిస్తే మైనం కావాలి, వినిపించకపోతే అక్కర్లేదు. నాకు పని నేర్పినాయన ఆ మాటే అనేవాడు. ఆయనకి నేర్పినాయనా అదే అనేవాడట. ఇంకేదైనా అనకూడదా అని ఒకసారి అడిగితే అడ్డమైన ప్రశ్నలు వెయ్యొద్దన్నాడు.

నేను వంగి, తీగల మీద నోరు పెట్టి, "ఉన్నావా?" అన్నాను.

ఏమీ వినిపించలేదు. సన్నటి హుమ్మనే శబ్దం, పైన యంత్రాల దడదడ, అంతే. సరే, మైనం పని లేదన్నమాట అనుకుంటూ లేచాను. నడుం పట్టుకున్నాను. స్క్రూడ్రైవర్ అందుకున్నాను. అప్పుడు వినిపించింది.

"ఉన్నావా?"

మాట ఇలా అనగానే అలా రావాలి. ఇంత ఆలస్యంగా రాకూడదు. గొంతు నాదే అనుకున్నాను గానీ కాస్త బొంగురుగా, వయసు మళ్ళినట్టు ఉంది. పాత స్పీకరు, పైగా వాన తేమ. మనసుకి ఏదో ఒకటి సర్దిచెప్పుకుంటే సరిపోతుందిగా. "చూశావా, తిరిగొచ్చింది. మైనం పడాల్సిందే" అన్నాను.

మా చెల్లెలు నా కుడివైపు స్టూలు మీద కూర్చుని బిస్కెట్ నములుతోంది. "పాపం, ఎంత మర్యాదగా అడుగుతోందో" అని ఆంప్ వైపు తిరిగి, నవ్వుతూ, "ఉన్నా బాబూ, ఉన్నా" అంది.

ఆంప్‌లో హుమ్మనే శబ్దం ఒక్కసారి ఆగింది. మళ్ళీ మొదలైంది.

నేను మైనం గిన్నె పొయ్యి మీద పెట్టి, గిటార్‌ని బోర్లించి వెనక మూత విప్పాను. మా చెల్లెలు కబుర్లు చెబుతోంది. మందుల షాపు యజమాని గురించి, రోజూ ఒకే దగ్గు మందు కొనే ముసలాయన గురించి. ఊకొడుతూ పని చేసుకుంటున్నాను. మధ్యలో తను గొంతు సవరించుకుంది.

ఆ చప్పుడు నా ఎడమవైపు నుంచి వచ్చింది.

ఎడమవైపు ఉన్నది ఆంప్. తను కూర్చున్నది కుడివైపు. స్పాంజి గోడలున్న గదిలో చప్పుడు ఎటు నుంచి వస్తోందో ఒక్కోసారి తెలియదు అనుకున్నాను. తను మాట్లాడుతూనే ఉంది. ఎడమవైపు నుంచే. ఆంప్ ఆపకుండా టంకం విప్పకూడదని నా దగ్గరికి వచ్చే ప్రతివాడికీ నీతులు చెబుతాను. ఆ వేళ తొందరలో నేనే ఆపలేదు. రెండు వైర్లూ విడదీసి, తీగలు వదులు చేసి, పికప్ బయటికి తీశాను.

మైనం కరిగింది. తేనె రంగులో, గుండ్రంగా, ఒక్క బుడగ లేకుండా ఉంది. పికప్‌ని పట్టకారుతో పట్టుకుని గిన్నె మీదికి తెచ్చాను.

గదిలో ఏదో తేడాగా ఉంది...

మా చెల్లెలున్న గది. ఇంత నిశ్శబ్దంగా ఉంది.

వెనక్కి తిరిగాను. తను స్టూలు మీంచి లేచి నిలబడి ఉంది. రెండు చేతులతో గొంతు పట్టుకుంది. నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. మెడ నరాలు ఉబ్బి కనిపిస్తున్నాయి. అరుస్తోంది... ఎంత గట్టిగా అరుస్తోందో మొహం చూస్తే తెలుస్తోంది. చిన్న చప్పుడు కూడా లేదు.

బిస్కెట్ అడ్డుపడిందనుకుని వీపు మీద చరిచాను. తల అడ్డంగా ఊపింది. ఊపిరి ఆడుతోంది. మాటే లేదు. వేలితో నా చేతిలోని పట్టకారుని చూపించింది. తరవాత ఆంప్‌ని చూపించింది.

పికప్‌ని బల్ల మీద పెట్టి, వైర్లు మళ్ళీ అతికించాను. వేలు కాలింది. టంకం పక్కకి కారింది. మళ్ళీ పెట్టాను. అంటుకుంది.

"...న్నయ్యా... అన్నయ్యా, వినపడుతోందా, నాకు నేను వినపట్లేదు..."

పెదాలు కుడివైపు కదిలాయి. గొంతు ఎడమవైపు ఆంప్ లోంచి వచ్చింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. తరవాత వెతికి వెతికి చుట్లాయన భార్య నంబర్ పట్టుకుని ఫోన్ చేశాను. నేను ఎవరో చెప్పకముందే ఆవిడ అడిగింది.

"మైనంలో ముంచావా?"

లేదన్నాను.

"ముంచకు. ముంచితే ఇక అందులోనే. నేను చెప్పాను కదా బాబూ, పలుకుతుందని."

"పలుకుతుందంటే... బాగుంటుందని అనుకున్నానమ్మా."

ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది. అది చుట్టిన రోజున ఆయన అలవాటు ప్రకారం దాన్ని ఉన్నావా అని అడిగాడట. అదీ ఆయన్ని తిరిగి అడిగిందట. తన గొంతే తిరిగొచ్చిందనుకుని సరదాకి ఉన్నానన్నాడు. ఆ తరవాత చనిపోయేదాకా ఆయన మాట్లాడింది ఆ ఆంప్ లోంచే. ఇంకెవరైనా దానికి బదులు పలికితే వాళ్ళు అందులో చిక్కుకుని తను బయటపడతాడని ఆయనకి అనుమానం. అందుకే ఆ గదిలోకి ఎవరినీ రానిచ్చేవాడు కాదు. సొంత భార్యని కూడా.

"ఆయన పోయాక కూడా గుడ్డలోంచి అడుగుతూనే ఉండేది. భరించలేక నీకిచ్చాను. తప్పే" అంది. "మీ గదిలో ఇందాక ఎవరైనా పలికారా?" అని అడిగింది.

"మా చెల్లెలు పలికిందమ్మా. ఎందుకు?"

"ఇక్కడ పక్క గదిలో ఆయన గొంతు వినిపించింది. ఒక్కటే మాట. హమ్మయ్య అన్నాడు" అని ఫోన్ పెట్టేసింది.

నేను విన్నదంతా మా చెల్లెలికి చెప్పాను. తను చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నది. భయపడుతుందనుకున్నాను. భయపడింది కూడా. కానీ కళ్ళు తుడుచుకుని, ఆంప్ వైపు చూసి, ఏదో మెల్లగా పాడింది. పెదాలు కదిలాయో లేదో అన్నట్టు పాడింది. గది నిండా వినిపించింది. అంత అందంగా మా చెల్లెలు ఎన్నడూ పాడలేదు. పిడుగు పది చేతులతో కొట్టినా ఆ గొంతు మునగదు.

"ఇలాగే వెళ్తా అన్నయ్యా. గిటార్‌తో పాటే ఉంటుందిగా. ఎవరికి తెలుస్తుంది?" అంది ఆంప్ లోంచి.

ఆ మాటకి నాకు ఒళ్ళు జలదరించింది. తను అన్నందుకు కాదు. ఒక్క క్షణం నేనూ సరేనందామనుకున్నందుకు.

అంతలో పైన యంత్రాల దడదడ ఆగింది. లైటు మినుకుమంది. ఆంప్ ఎర్రదీపం సన్నగిల్లింది. "అన్న..." అని మా చెల్లెలి గొంతు నూతిలోకి జారినట్టు సన్నబడి, సన్నబడి... ఆగిపోయింది. చీకటి. ఆ చీకట్లో తను నా చొక్కా పట్టుకుంది. పిలుస్తోందని తెలుసు. వినపడదు. వాన చప్పుడు మాత్రం మెట్ల మీంచి వస్తోంది.

కరెంటు వచ్చింది. లైటు వెలిగాక తన మొహం చూశాను. ఇక ఆలోచించాల్సింది ఏమీ లేదనిపించింది. పాడటం తప్ప ఇంకేమీ కోరని పిల్ల. ఊళ్ళో కరెంటు పోయినప్పుడల్లా మూగదవుతుందా? నాదేముంది, ఒట్టి నోరు.

పికప్ మీదికి వంగాను. నేనేం చేయబోతున్నానో తనకి అర్థమైంది. వద్దు, వద్దని ఆంప్ అరిచింది. ఇంకేమన్నా అంటే ఏమవుతుందోనని భయపడిందేమో, రెండు అరచేతులతో నోరు గట్టిగా మూసుకుంది.

"ఉన్నావా?" అన్నాను.

హుమ్మనే శబ్దం... మైనం చల్లారుతూ చిటపటమంది... రాలేదు... ఇంకా రాలేదు...

"ఉన్నావా?"

మా చెల్లెలి గొంతు. తను మాత్రం నోరు మూసుకునే ఉంది. వేళ్ళ సందుల్లోంచి చూస్తోంది.

జీవితంలో నా ఆఖరు మాట అంత చిన్నదవుతుందని ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి.

"ఉన్నా" అన్నాను.

శబ్దం ఆగింది. మళ్ళీ మొదలైంది. నా గొంతులో ఏమీ జరగలేదు. నొప్పి లేదు, దురద లేదు. ఖాళీ అయిందంతే. కుడివైపు మా చెల్లెలి చేతులు నోటి మీంచి జారాయి. కళ్ళ నిండా నీళ్ళు. తన సొంత నోట్లోంచి, తన సొంత గొంతుతో మాట వచ్చింది.

"హమ్మయ్య."

వెంటనే తనే ఉలిక్కిపడింది. "ఆ మాట నేను అనలేదు అన్నయ్యా" అంది. "నేను వద్దు అనబోయాను, ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు" అని ఏడ్చింది. ఎంత ఊరుకోబెట్టాలన్నా నా దగ్గర చేతులు తప్ప ఏమీ లేవు.

దుప్పటి కప్పుకున్నట్టుందన్న ఆ రెండో పికప్పే వేసి పంపించాను. వెంట వెళ్ళి, తెర వెనక పిడుగు చేతిలో చీటీ పెట్టాను. మెల్లగా కొట్టరా, లేకపోతే నిన్ను కొడతాను అని రాశాను. నేను మాట్లాడకుండా చీటీ ఇవ్వడం చూసి వాడికి ఎంత భయమేసిందో గానీ, ఆ సాయంత్రం డ్రమ్ముల మీద మెత్తగా గుడ్డతో దుమ్ము తుడిచినట్టు వాయించాడు. మా చెల్లెలు పాడింది. గిటార్ పలికింది. నెగ్గింది.

డాక్టర్లు నా గొంతులో దీపాలు వేసి చూశారు. అంతా బాగుందన్నారు. పికప్‌ని నల్ల గుడ్డలో చుట్టి, రేకు డబ్బాలో పెట్టి, మూత మీద పాత గిటార్ తీగ బిగించి అలమర మీద ఉంచాను. రెండు వైర్లూ మొదలంటా కత్తిరించేశాను. పారేయలేను, అందులో ఉన్నది నేను. ఆంప్‌కి కలిపి మాట్లాడదామని ఒక్కోసారి నాలుక పీకుతుంది, కానీ పక్కన ఎవరైనా ఉండి, అది అడిగితే, వాళ్ళు పలికితే? మా చెల్లెలు బయల్దేరే ముందు నా చేత ఒట్టు వేయించుకుంది, కలపనని. కలపలేదు. పైన యంత్రాలు ఆగినప్పుడు డబ్బా లోంచి గొణుగుడు వినిపిస్తుంది. చాలా గొణుగుతాను. ఆ అలవాటు అందులోకీ వెళ్ళింది.

మా చెల్లెలు రోజూ ఏదో ఒక ఊరి నుంచి ఫోన్ చేస్తుంది. కబుర్లన్నీ తను చెబుతుంది, నేను గోటితో ఫోన్ మీద కొడతాను. ఒకసారి కొడితే ఔను, రెండుసార్లు కొడితే కాదు. అలా బాగానే జరిగిపోతోంది.

ఇవాళ సాయంత్రం పైన లాండ్రీ తొందరగా మూశారు. గది నిశ్శబ్దంగా ఉంది. ఒక గిటార్ మెడ సరిచేస్తూ కూర్చున్నాను. ఏదో లోటుగా అనిపించింది. కాసేపటికి తెలిసింది, డబ్బాలో గొణుగుడు లేదు. లేచి చూశాను. తీగ బిగించినట్టే ఉంది. మూత కదల్లేదు.

ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. మా చెల్లెలు.

"అన్నయ్యా! గొంతు ఎప్పుడొచ్చింది? చెప్పనే లేదు! ఇక్కడ డ్రమ్ముల గోలలో సరిగ్గా వినపడలేదు. నువ్వు ఉన్నావా ఉన్నావా అంటుండగానే ఫోన్ కట్టయింది. బయటికొచ్చి నిలబడ్డా. మళ్ళీ చెయ్యి."

నేను ఫోన్ చేయలేదు. నేనెవరికీ ఫోన్ చేయను.

తనకి తెలియదా? తెలుసు, అన్నీ తెలుసు. కానీ ఇన్నాళ్ళకి అన్న గొంతు వినపడితే ఎవరికి ఏం గుర్తుంటుంది? ఫోన్‌లో ఉన్నావా అంటే ఉన్నా అనని వాళ్ళెవరు?

పలకొద్దు అని మెసేజ్ పంపాను. ఒక్క టిక్కే పడింది. రెండోది పడలేదు, అంటే తనకి చేరలేదు. పలకొద్దు, అది నేను కాదు అని మళ్ళీ పంపాను. దానికీ ఒక్క టిక్కే. ఇక ఆగలేక ఫోన్ చేశాను. గోటితో రెండుసార్లు కొడితే చాలు, కాదు అని అర్థమవుతుంది...

బిజీ అని వచ్చింది. ఎవరితోనో మాట్లాడుతోంది.

మళ్ళీ చేశాను. బిజీ. మళ్ళీ చేశాను. వినపడదని తెలిసినా నోరు తెరిచి పలకొద్దే అని అరవబోయాను.

నిశ్శబ్దంగా ఉన్న గదిలో, నా సొంత గొంతుతో, నా నోట్లోంచి మాట వచ్చింది.

"హమ్మయ్య."